నాలుగో పెట్టెకు గంధం బొట్టు

రఘునాథపల్లి,
ఆగస్టు 24.

ఓంప్రకాశ్ మామయ్యకు, భారతి అత్తమ్మకు, హాస్టల్ మెట్ల మీద కూర్చుని వినోద పెట్టే నమస్కారాలు.

ఉత్తరం చూసి కంగారు పడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. నా ఫోన్ పొద్దున ఏడున్నరకే ఫ్యాక్టరీ గేటు దగ్గర లాకర్లో పడుతుంది. సాయంత్రం అది నా చేతికి వచ్చే వేళకు మీరు ఏ ఫంక్షన్ హాల్లోనో రెండు స్పీకర్ల మధ్య నిలబడి ఉంటారు. మొన్న మూడుసార్లు చేస్తే మూడుసార్లూ బ్యాండు చప్పుడే వినిపించింది. అందుకని మన రూటు బస్సు కండక్టర్ సారయ్యతో ఈ కాగితం పంపుతున్నాను. జవాబు ఆయన చేతికే ఇవ్వండి. కాగితానికి టికెట్ కొట్టనని మాటిచ్చాడు.

అక్కడ నువ్వు చేసేదేమిటని వెళ్లినప్పుడల్లా అడుగుతారు కదా, ఈసారి తీరిగ్గా చెబుతాను. మేం తయారు చేసేవి మైకులు. నవ్వకండి. ఒక్కొక్కటి కందిపప్పు బద్దంత ఉంటుంది. లోపల సిలికాన్‌తో చేసిన పలుచని పొర, దాని మీద రేకు మూత, మూతకు సూదిమొన దూరేంత బెజ్జం. ఫోన్లలో, చెవిలో పెట్టుకునే వాటిలో, కార్లలో ఉండేవి ఇవే. వాటిని పరీక్ష చేయడం నా పని. నాలుగో నంబరు యంత్రం నాది.

యంత్రంలో ఒక గట్టి పెట్టె ఉంటుంది. మూత పడిందంటే బయటి చప్పుడు లోపలికి రాదు. లోపల ఒక స్పీకరు లెక్క ప్రకారం ఒకే కూత పెడుతుంది. ట్రేలో ఉన్న మైకుల్లో ఏది ఎంత విన్నదో యంత్రం రాసుకుంటుంది. తక్కువ విన్నా, ఎక్కువ విన్నా ఎర్ర ట్రేలోకి పోవలసిందే. సరిగ్గా విన్నవే పచ్చ ట్రేలోకి పోతాయి. స్పీకరు లెక్క తప్పకుండా కాపలా కాయడానికి పెట్టె లోపల వెండి రంగు మైకు ఒకటి ఉంటుంది, చిటికెన వేలంత. అది చెప్పిన దాన్ని బట్టి స్పీకరు గొంతు పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది.

ఇంకొక పద్ధతి ఉంది. రోజూ పొద్దున అసలు పని మొదలుపెట్టే ముందు మంచివని తెలిసిన పన్నెండు మైకులు పెట్టి చూడాలి. వాటిని మేం సాక్షులంటాం. ఆ పన్నెండూ పాసైతే యంత్రం బాగున్నట్టు. అప్పుడు రిజిస్టర్లో టైం వేసి సంతకం పెట్టాలి. మా క్వాలిటీ హెడ్ పద్మలత మేడం ఇంట్లో అన్నం తినడమైనా మానుతుందేమో గానీ ఆ రిజిస్టర్ చూడడం మానదు.

నా ట్రైనింగ్ నవంబర్ 15తో అయిపోతుంది. మా ఆరుగురిలో నలుగురినే పర్మనెంట్ చేస్తారని చెప్పుకుంటున్నారు. పాలిటెక్నిక్ చదివించిందీ, కొట్లో పక్కన కూర్చోబెట్టుకుని సోల్డరింగ్ నేర్పిందీ మీరు కాబట్టి దాచకుండా చెబుతున్నాను. నాకు ఈ ఉద్యోగం కావాలి మామయ్యా. ఇంతకుముందు దేన్నీ ఇంతగా కోరుకోలేదు.

మహర్నవమి నాడు ఇక్కడ ఆయుధ పూజ చేస్తారు. ఇంట్లోవాళ్లను పిలిచి లోపల చూపిస్తారట. మీరు తప్పకుండా రావాలి.

మీ వినోద.


వరంగల్ చౌరస్తా,
ఆగస్టు 31.

కందిపప్పులకు పరీక్ష పెడుతున్న మా వినోద బిడ్డకు, ఓంప్రకాశ్ సౌండ్ సర్వీస్ యజమాని ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అత్త పైకి చదివింది. నేను విన్నాను. నమ్మకం కుదరక కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ నేనే చదివాను. అక్కడ కందిపప్పు అనే రాసి ఉంది.

ముప్పై నాలుగేళ్లుగా ఈ చౌరస్తాలో మైకులు కిరాయికి ఇస్తున్నాను. నా కొట్లో అన్నిటికన్నా చిన్న మైకు నీ పిడికిలంత ఉంటుంది. దాన్ని పట్టుకుంటే ఎంత పిరికివాడికైనా ధైర్యం వస్తుంది. నీ కందిపప్పును పట్టుకుని ఉపన్యాసం ఎవరిస్తారు? మధ్యలో తుమ్ము వస్తే సభంతా నేల మీద వెతుక్కోవాలా? ఇక నీ పరీక్ష సంగతి. పెట్టె, కూత, ఎర్ర ట్రే, పచ్చ ట్రే, పైన పన్నెండుమంది సాక్షులు. హత్య కేసుకు కూడా అంతమంది దొరకరు. నా పరీక్ష నీకు తెలిసిందే. వేలితో రెండు తట్లు, నోటితో ఒక ఊదు, హలో హలో మైక్ టెస్టింగ్ వన్ టూ త్రీ. ఇన్నేళ్లలో ఒక్కడు కూడా నన్ను రిజిస్టర్ అడగలేదు.

సరదాకు అన్నాలే, మనసులో పెట్టుకోకు. నీ ఉత్తరం పక్క కొట్టు రాజేశ్వర్ రావుకు కూడా చూపించాను. మా మేనకోడలు మైకులకే మైక్ టెస్టింగ్ చేస్తుందని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు, అయినా టీ తాగించాడు.

దసరా రోజుల్లో బతుకమ్మ డ్యూటీలు ఊపిరి సలపనివ్వవు. కొత్తవాడ వాళ్లయితే తొమ్మిది రోజులూ నన్నే పిలుస్తారు. అయినా మహర్నవమి నాడు పొద్దున్నే వస్తాను. ముందు రోజు సాయంత్రమే కొట్లో పూజ ముగించుకుంటాను. నా పట్టింపు నీకు తెలుసు కదా. ప్రతి మైకుకూ గంధం, కుంకుమ. ఒక ఏడాది ఒక్కదాన్ని మరిచిపోతే అది పాలకుర్తిలో, స్వామివారి కల్యాణం మధ్యలో, పంతులుగారి మంత్రం మీద కుయ్యిమని కూసి నా పరువు తీసింది. అప్పటినుంచి లెక్కపెట్టి మరీ పెడుతున్నాను.

ఉద్యోగం సంగతి ఫికర్ చేయకు. నా దగ్గర పని నేర్చుకున్నదాన్ని కాదనేవాళ్లెవరో నేనూ చూస్తాను.

నీ మామ,
ఓంప్రకాశ్.


రఘునాథపల్లి,
అక్టోబర్ 6.

మామయ్యకు,

దసరా రాత్రి అత్తమ్మ పెట్టిన గారెలు ఇంకా నాలుగు మిగిలాయి. రోజుకొకటి చొప్పున దాచుకుని తింటున్నాను.

మహర్నవమి నాడు మీరు వచ్చినందుకు ఎంత సంతోషించానో అప్పుడు చెప్పలేకపోయాను. తెల్ల కోటు, తలకు టోపీ, చెప్పులకు సంచులు, చేతులకు గ్లౌజులు తొడుక్కుని మీరు ఆపరేషన్ చేయబోయే డాక్టరులా కనిపించారు. గాజు తలుపు దాటాక ఏది తడతారో, ఏది ఊదుతారోనని నాకు ముందు రోజు నుంచే భయం. మా మైకుల మీద గట్టిగా ఊదితే లోపలి పొర చిరిగిపోతుంది. మీరేమో చేతులు వెనక్కి కట్టుకుని, బుద్ధిగా, ఒక్క ప్రశ్నయినా అడగకుండా నడిచారు. పద్మలత మేడం ఇప్పటికి రెండుసార్లు అంది, మీ మామ చాలా పద్ధతి మనిషి అని.

ఇప్పుడు కష్టం చెబుతాను. దసరా మర్నాడు, మూడో తారీకు ఫ్యాక్టరీ తెరిచారు. ఆ పొద్దున ఎనిమిదింటికి సాక్షులు పన్నెండూ పాసైనట్టు రిజిస్టర్లో ఉంది. సరుకు మధ్యాహ్నం వచ్చింది. రెండింటికి మొదటి ట్రే పెడితే పదింటికి ఏడు ఎర్రలోకి పోయాయి. కారణం అడిగితే ఎక్కువ వింటున్నాయని చూపిస్తుంది యంత్రం. మర్నాడు పొద్దున సాక్షులు కూడా పన్నెండుకు పన్నెండూ ఫెయిల్. పక్కన మూడో నంబరు, ఐదో నంబరు యంత్రాలు చక్కగా నడుస్తున్నాయి. నా పెట్టెకు మాత్రమే ఏదో అయింది. ముప్పై వేల మైకులు ఎర్ర డబ్బాల్లో కూర్చున్నాయి.

మేడం నన్ను ఏమీ అనలేదు. తిడితే ఒక బాధ, తిట్టకపోతే ఇంకో బాధ. నవంబర్ 15 దగ్గరికొస్తోంది. మీ అనుభవంలో ఇలాంటిది ఎప్పుడైనా తగిలిందా? తోచింది రాయండి.

వినోద.


వరంగల్ చౌరస్తా,
అక్టోబర్ 9.

చిరంజీవి వినోదకు,

నీ ఉత్తరం అందింది. చదివాను. బాగా ఆలోచించాను.

ముందు ఎర్తింగ్ చూడమను. సగం రోగాలకు మూలం ఎర్తింగే. తర్వాత వోల్టేజీ. పండగ మర్నాడు కరెంటు ఎప్పుడూ సరిగా ఉండదు. వాన తేమ కూడా కావచ్చు. ఎలుకల్ని కూడా కొట్టిపారేయకు, నా కొట్లో ఒక ఎలుక ఆంప్లిఫయర్‌లోనే కాపురం పెట్టింది.

ఇంకొక మాట, ఊరికే అడుగుతున్నాను. ఆ వెండి రంగు మైకును ఎవరైనా విప్పి చూశారా? విప్పకుండా, లైట్లు కూడా ఎక్కువ వేయకుండా, మెత్తటి తడిగుడ్డతో పైపైన ఒకసారి తుడిస్తే ఎలా ఉంటుంది? ఆ పని నువ్వే చేస్తే ఇంకా మంచిది. ఎవరికీ చెప్పక్కర్లేదు.

మీ కంపెనీ పద్ధతులు నాకు తెలియవు. ఒకవేళ ఎవరైనా, మంచి ఉద్దేశంతోనే, పెద్దవాడే అనుకో, తెలియక ఏదైనా చేసి ఉంటే పోలీసుల దాకా పోతారా, లేక మందలించి వదిలేస్తారా? ఇది కూడా ఊరికే.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ మామ.

వినోదా, అత్తమ్మను రాస్తున్నా. మీ మామ కాగితం మడిచే ముందు లాక్కున్నాను. నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు. నిన్న ఒక రిటైర్‌మెంట్ ఫంక్షన్‌లో మైకును తట్టకుండా, ఊదకుండా అలాగే స్టేజీ మీద పెట్టి వచ్చాడట. ఏమైందని అడిగితే "నేనిగ ఏ మైకును ముట్ట" అన్నాడు. ఆ రోజు మీ ఫ్యాక్టరీలో ఏమైనా చూసి జడుసుకున్నాడా? నువ్వైనా చెప్పు.


రఘునాథపల్లి,
అక్టోబర్ 13.

మామయ్యకు మాత్రమే. అత్తమ్మకు చూపించకండి.

శనివారం మేడం పెట్టెను మొత్తం విప్పించింది. వెండి మైకు ముందు జల్లెడలాంటి చిన్న మూత ఉంటుంది. దాని మీద పచ్చగా, మధ్యలో ఎర్రగా, ఎండి గట్టిపడిన పట్టు కనిపించింది. మేడం కొంచెం గీకి వాసన చూసి గంధమని చెప్పింది. యంత్రం అమ్మిన విదేశీ కంపెనీకి ఫొటో పంపితే, ఈ పదార్థం తమ జాబితాలో లేదనీ, దేనికి వాడతారో తెలపమనీ అక్కడి ఇంజినీర్లు జవాబు రాశారు.

కాపలా మైకు చెవికి గంధం అడ్డం పడింది. దానికి కూత తక్కువగా వినిపించింది. అది తక్కువని చెప్పేకొద్దీ స్పీకరు గొంతు పెంచింది. ఆ గొంతుకు మంచి మైకులన్నీ ఎక్కువ విన్నట్టు తేలాయి. మూత మార్చగానే అంతా సర్దుకుంది. ఎర్ర డబ్బాల్లో ఉన్నవాటిని మళ్లీ పరీక్షిస్తే దాదాపు అన్నీ పాసవుతున్నాయి. నష్టం లేదు.

ఎవరు పెట్టారన్న ప్రశ్న మిగిలింది. రిజిస్టర్ ప్రకారం మూడో తారీకు ఎనిమిదింటికి యంత్రం బాగుంది, రెండింటికి చెడింది. మధ్యలో మేం కాకుండా గదిలోకి వెళ్లింది నేల తుడిచే పూలమ్మ ఒక్కతే. గేటు దగ్గర పూజ పళ్లెం పట్టుకున్నదీ ఆమే, నుదుట అందరికన్నా పెద్ద బొట్టు పెట్టుకునేదీ ఆమే. అడిగితే "నేను వెట్టలే. వెడితే వెట్టిన్నని చెప్పకపోదునా" అని ఊరుకుంది. ఇప్పుడు ఆమెను లోపలికి రానివ్వడం లేదు. గేటు బయట గడ్డి పీకుతోంది. ఉంచుతారో, తీసేస్తారో నెలాఖరుకు తేలుస్తారట.

మామయ్యా, ఆ బొట్టు ఎవరిదో చూడగానే నాకు తెలిసిపోయింది. గంధం అడ్డంగా, కుంకుమ కొంచెం ఎడమకు జరిగి. మన కొట్లో ప్రతి మైకు మీదా అలాగే ఉంటుంది. కానీ మీరు ఎవరికీ ఏమీ చెప్పవద్దు. మీ పరువు పోతుంది. మేడం మీ గురించి అంత గొప్పగా అనుకుంటోంది. నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతారు. మీకోసమే చెబుతున్నాను. ఈ కాగితం చింపేయండి.

వినోద.


వరంగల్ చౌరస్తా,
అక్టోబర్ 15.

బిడ్డా,

చింపలేదు. మీ అత్తకు కూడా చూపించాను. ఆవిడ రెండు నిమిషాలు నవ్వింది, తర్వాత పూలమ్మ గురించి చదివి నా ముందు నుంచి అన్నం కంచం తీసేసింది. తినకపోయినా ఊరుకున్న మనిషి, ఇప్పుడు తింటానంటే పెట్టనంటోంది.

జరిగింది చెబుతాను. ఆ రోజు గేటు దగ్గర జనరేటర్‌కు పెట్టారు, కంప్రెసర్‌కు పెట్టారు, చివరకు నీళ్ల మోటారుకు కూడా పెట్టారు. లోపల ఇన్ని యంత్రాలుంటే ఒక్కదానికీ బొట్టు లేదు. అదే నాకు మింగుడు పడలేదు. నీ నాలుగో నంబరు దగ్గరికి వచ్చేసరికి చూపించడానికి పెట్టె మూత తీసి ఉంచారు. లోపల చూస్తే మెరుస్తూ నిలబడి ఉంది, ఆ ఫ్యాక్టరీ మొత్తంలో మైకులా కనిపించే మైకు అదొక్కటే. కందిపప్పుల మధ్య మన కులపెద్దను చూసినట్టయింది. మా కోడలు అన్నం తినేది దీని చలవ వల్లే కదా అనుకున్నాను. జేబులో గంధం పొట్లం, కుంకుమ పొట్లం ఉన్నాయి. మేడం ఎవరో ఏదో అడిగితే అటు తిరిగింది. గ్లౌజుతో బొట్టు పెట్టకూడదని గ్లౌజు తీసి, చేతి చెమటతోనే గంధం తడిపాను. పెట్టాను. మళ్లీ తొడుక్కున్నాను. ఆ తర్వాతే చేతులు వెనక్కి కట్టుకున్నాను. అందరూ మెచ్చుకున్న పద్ధతి అదే.

నువ్వు రాసిన లెక్క నాకు బాగా అర్థమైంది. ఏ పెళ్లిలోనైనా ముందు వరసలో చెవుడున్న పెద్దాయన ఒకడు కూర్చుని వినిపిస్తలేదు, పెంచు పెంచు అంటాడు. పెంచుతూ పోతే వెనకున్నవాళ్లంతా చెవులు మూసుకుంటారు. అంటే ఆ వెండి మైకుకు చెవుడు తెప్పించింది నేను. సిగ్గుగా ఉంది.

నా పరువు సంగతి నువ్వు ఆలోచించావు, సంతోషం. కానీ నేను పెట్టిన బొట్టుకు ఇంకొక ఆడమనిషి ఎండలో గడ్డి పీకుతుంటే నాకు పరువు ఎక్కడిది? ఎల్లుండి శుక్రవారం వచ్చి మేడంతో చెబుతాను. నీకు మాట రానివ్వను. తప్పు నాదొక్కడిదే అని రాసిస్తాను.

మామ.


రఘునాథపల్లి,
అక్టోబర్ 16, మధ్యాహ్నం.

మామయ్యా,

రావద్దు. దండం పెడతాను. సారయ్యను వెంటనే మీ కొట్టుకు వెళ్లి ఇవ్వమన్నాను. పూలమ్మ సంగతి నేను చూసుకుంటాను. ఎలా అని అడగవద్దు. మీరు వస్తే మంచి జరగదు. ఒక్క నెల ఆగండి, పదిహేనో తారీకు దాటనివ్వండి.

వినోద.


వరంగల్ చౌరస్తా,
అక్టోబర్ 18.

వినోదకు,

నీ చీటీ అందాకే బయలుదేరాను. రావద్దని అంతగా రాస్తే నా మీద ప్రేమ అనుకున్నాను. దారి పొడవునా సారయ్యకు అదే చెప్పాను, మా కోడలు నాకోసం ఎంత తల్లడిల్లుతోందో చూడు అని.

మేడం కుర్చీ వేయించింది, మంచినీళ్లు తెప్పించింది. ఆ బొట్టు నేనే పెట్టానని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. పూలమ్మ మీద జాలితో వచ్చానని అనుకుంది. "మీరొచ్చింది ఒకటో తారీకు. మూడో తారీకు పొద్దుగాల మెషిన్ మంచిగనే ఉన్నది. తారీకు కలుస్తలేదు గదండి" అంది. నా నేరాన్ని నేనే రుజువు చేసుకోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఏ పొట్లం, ఏ వేలు, గ్లౌజు ఎప్పుడు తీశానో అన్నీ చెప్పాను. ఊహూఁ. చివరకు జేబులోంచి పొట్లాలు తీసి, గ్లాసులో నీళ్లు రెండు చుక్కలు కలుపుకుని, ఆవిడ బల్ల మీదున్న స్టేప్లర్‌కు బొట్టు పెట్టి చూపించాను. ఆవిడ ఫొటో తెచ్చి పక్కన పెట్టి చూసింది. గంధం అడ్డంగా, కుంకుమ ఎడమకు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. కళ్ల వెంట నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేను కూడా నవ్వాను, గండం గడిచిందనుకుని.

నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ చప్పున ఆగింది. రిజిస్టర్ తెప్పించింది. మూడో తారీకు, ఎనిమిది గంటలు, పన్నెండూ పాస్. కింద నీ సంతకం. తర్వాత కంప్యూటర్లో చూసింది. ఆ పొద్దున నాలుగో నంబరును తొమ్మిదిన్నర దాకా ఎవరూ ఆన్ కూడా చేయలేదట.

"బొట్టు ఉన్నంక పన్నెండు పాసెట్లయితయి?" అని నన్నే అడిగింది. నాకేం తెలుసు. బల్లకు ఇటువైపు నుంచి నీ సంతకం తలకిందులుగా కనిపిస్తోంది. చిన్నప్పుడు కొట్టు బిల్లుల వెనక నువ్వు దాన్ని ఎన్నిసార్లు రాసి చూపించావో గుర్తొచ్చింది.

నిన్ను కాపాడదామని వచ్చి నేనే పట్టించాను. దానికి ఏడవాలో, నువ్వు చేసినదానికి ఏడవాలో తెలియడం లేదు. ఒక్కటి చెప్పు. ఆ రోజు చూసి సంతకం పెట్టావా, చూడకుండా పెట్టావా?

ఓంప్రకాశ్.


వరంగల్ చౌరస్తా,
నవంబర్ 5.

బిడ్డా,

సారయ్య రోజూ బస్సు దిగి రెండు ఖాళీ చేతులూ చూపించి పోతున్నాడు. నేను గట్టిగా రాశానేమో. కోపంతో రాయలేదు. పదిహేనో తారీకు ఏమైనా కానివ్వు, ఉద్యోగం ఉన్నా పోయినా నువ్వు నా దగ్గర పని నేర్చుకున్న పిల్లవే. మీ అత్త నాకు కంచం తిరిగి ఇచ్చింది గానీ నువ్వు రాసేదాకా కూరలో ఉప్పు వేయనంటోంది. నా కోసం కాకపోతే ఆ ఉప్పు కోసమైనా రాయి.

మామ.


రఘునాథపల్లి,
నవంబర్ 16.

మామయ్యకు,

చూడకుండా పెట్టాను.

ఆ ఒక్క మాట రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. దసరా మర్నాడు బస్సు దొరక్క తొమ్మిదిన్నరకు చేరాను. సాక్షుల్ని పెట్టాలంటే ఇరవై నిమిషాలు. రోజూ పాసయ్యేవే కదా, సరుకు కూడా మధ్యాహ్నానికి గానీ రాదు కదా అని ఎనిమిదని టైం వేసి సంతకం పెట్టేశాను. మర్నాడు అవి ఫెయిలైనప్పుడే నిన్న చూడలేదని చెప్పాల్సింది. ఆరుగురిలో నలుగురే అన్న మాట నన్ను ఆపింది. నా సంతకం వల్ల మీరు తప్పించుకున్నారు, నేను తప్పించుకున్నాను, నెపం పూలమ్మ మీద పడింది. రోజూ గేటు దాటేటప్పుడు ఆమె తలెత్తి చూసేది. నేను టిఫిన్ డబ్బా మూత సర్దుకుంటున్నట్టు నటించి నడిచేదాన్ని. మీ పరువు కోసమని మీకు రాశాను. అబద్ధం మామయ్యా, నా ఉద్యోగం కోసం.

మీరు వెళ్లిన సాయంత్రం మేడం పిలిచింది. అరవలేదు. "మీ మామ వణుకుకుంట వచ్చి చెప్పిండు. నువ్వు ఇన్ని రోజులు ఏం జేసినవ్?" అని అడిగింది. జరిగిందంతా చెప్పాను. మర్నాడు షిఫ్టు మారే వేళ, అందరి ముందు, పూలమ్మ తప్పేమీ లేదని మేడం చెప్పింది. ఆ తర్వాత నేను కూడా చెప్పాను. చెప్పమని మేడం అడగలేదు, కానీ చెప్పకుండా ఆ గదిలో నిలబడలేకపోయాను. ఏడుపొచ్చింది. మూడో నంబరు యంత్రం చూసే మానస నీళ్లు తెచ్చి ఇచ్చింది.

పూలమ్మ కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీ మామ బొట్టు వెట్టిండు, నువ్వు దస్కత్ వెట్టినవ్. ఆయన జూసి వెట్టిండు. నువ్వు జూడకుంట వెట్టినవ్. నాకు ఆయన మీద కోపం లేదు" అంది. నా మీద ఉందో లేదో చెప్పలేదు. చీపురు తీసుకుని లోపలికి వెళ్లింది.

నిన్న పదిహేనో తారీకు. మా బ్యాచ్‌లో నలుగురికి పర్మనెంట్ కాగితాలిచ్చారు, ఒకరిని పంపేశారు. నాకు మూడు నెలలు పొడిగించారు. నన్నెందుకు పంపేయలేదో మేడం చెప్పలేదు, నేను అడగలేదు. ఒక షరతు మాత్రం పెట్టింది. ఈ మూడు నెలలూ రిజిస్టర్లో నా సంతకం ఒక్కటే చెల్లదు. సాక్షుల్ని పెట్టినప్పుడు పక్కనే ఒక మనిషి నిలబడి, కళ్లారా చూసి, రెండో సంతకం పెట్టాలి. ఎవరైతే నమ్మకమని అందరూ ఇంజినీర్ల వైపు చూస్తుంటే మేడం పూలమ్మను పిలిచింది.

ఆదివారమైనా ఈ రోజు పని ఉంది, ఇది మొదటి రోజు. ఏడుంపావుకే ఆమె నాలుగో నంబరు ముందు టోపీ, కోటు వేసుకుని నిలబడి ఉంది. నేను ట్రే పెట్టాను. పన్నెండు పచ్చ దీపాలు వెలిగాయి. సంతకం పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. తను ఎనిమిదిదాకానే లెక్కపెట్టిందట, ఈలోపు నేను మూత ఎత్తేస్తే దీపాలు ఆరిపోయాయట. మళ్లీ పెట్టమంది. పాసయ్యాయి కదా పూలమ్మా అన్నాను. "నాకు గాలే" అంది. ఇంకో ఇరవై నిమిషాలు. ఈసారి వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది, పన్నెండు దాకా వచ్చి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. అటు మూడో నంబరు, ఇటు ఐదో నంబరు అప్పటికే సరుకు మొదలుపెట్టాయి. మేడం అద్దం వెనక నుంచి చూసి నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

అప్పుడు పూలమ్మ పెన్ను అడిగింది. ఆమెకు రాయడం వచ్చింది తన పేరు ఒక్కటే. మూడక్షరాలకు చాలాసేపు పడుతుంది. ఆమె రాసి ముగించేదాకా నేను పక్కన నిలబడి ఉన్నాను.

వినోద.